గుండె, కాలేయం, కిడ్నీ... మరి ఆత్మ ఎక్కడ? ఒక సరదా నిఘంటువు

ఈ వారం మన వీడియో శరీరం, ఆత్మ గురించి. వీడియోలో ఇమడని సంగతులు చాలా మిగిలిపోయాయి. వాటిని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ముందే చెప్తున్నా, మొదటి సగం అంతా నవ్వులాటే. అయితే ఆ నవ్వులాట మొదలైంది మాత్రం నవ్వొచ్చే చోట కాదు, ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో.

మా బాబాయికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ బయట కుర్చీల్లో నేను, మా చెల్లి (బాబాయి కూతురు) కూర్చునేవాళ్ళం. అది ఇంటర్ సెకండియర్, బైపీసీ. ఒళ్ళో జువాలజీ పుస్తకం ఉండేది కానీ పేజీ తిరిగేది కాదు. ఒకరోజు మనిషి లోపలి అవయవాల బొమ్మ ఉన్న పేజీ తెరిచి, నా చేతిలో పెన్సిల్ పెట్టింది. "అన్నయ్యా, ఇందులో అన్నీ ఉన్నాయి, ఆత్మ ఒక్కటే లేదు. నువ్వు వీడియోల్లో చెప్తుంటావుగా, ఎక్కడుంటుందో గుర్తు పెట్టు" అంది.

పెన్సిల్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. కెమెరా ముందు అయితే గడగడా చెప్పేవాణ్ణి. చివరికి "ముందు మిగతావాటికి అర్థాలు రాద్దాం. ఆత్మ దగ్గరికి ఆఖర్న వద్దాం" అన్నాను. అలా పుట్టింది ఈ నిఘంటువు. లెక్కలు చెల్లివి, వెటకారం నాది.

గుండె: ఆదివారం సెలవు లేని ఉద్యోగి. నిమిషానికి 70 సార్లు చొప్పున రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఇంక్రిమెంట్ అడగదు. ప్రేమించేది మెదడు, పగిలిందని పేరు మాత్రం గుండెకి. సినిమా పాటలు రాసేవాళ్ళందరూ దీనికి రాయల్టీ బాకీ ఉన్నారు.

ఊపిరితిత్తులు: అప్పు తెచ్చిన గాలిని నాలుగు సెకన్లలో తిరిగిచ్చేసే నిజాయితీపరులు. మన యోగ గ్రంథాలు మనిషి రోజుకి 21,600 సార్లు శ్వాసిస్తాడని చెప్పాయి. కాలిక్యులేటర్ తీసి చూడండి, నిమిషానికి సరిగ్గా 15 వస్తుంది. ఇవాళ్టి వైద్యులు విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ళకి చెప్పే లెక్క 12 నుంచి 20. ప్రతి శ్వాసా 'హంస' అనే మంత్రమే అని, దాన్ని అజపా జపం అని పెద్దలు అన్నారు. కాబట్టి "జపం చేయవు, తపం చేయవు" అని అమ్మ తిడితే, "రోజుకి 21,600 అవుతోందమ్మా" అని చెప్పొచ్చు. దెబ్బలు పడితే నా పూచీ లేదు.

కాలేయం: ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు. కిలోన్నర బరువు, 500కి పైగా పనులు. అందరూ తిన్నదీ తాగిందీ సర్దుతుంది. చాలాకాలం నోరెత్తదు. నోరెత్తిందంటే అప్పటికే చాలా ఆలస్యమైపోయిందని అర్థం. కొంత భాగం కోసి ఇచ్చినా మళ్ళీ పెరిగే గుణం ఉంది. రాత్రి పదకొండున్నరకి బిర్యానీ ఆర్డర్ చేసేవాళ్ళు ఒక్కసారి దీని ముఖం గుర్తు తెచ్చుకోండి.

కడుపు: హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని నింపుకుని కూడా తాను కాలిపోకుండా కాపురం చేసే గడుసుది. లోపలి పొరని కొద్ది రోజులకోసారి కొత్తగా వేసుకుంటుంది. పక్కింటివాడికి ప్రమోషన్ వచ్చినప్పుడు పుట్టే కడుపుమంట మాత్రం ఈ ఆమ్లం వల్ల కాదు. దానికి మెడికల్ షాపులో మందు దొరకదు.

పేగులు: పేర్లు తారుమారైన అక్కచెల్లెళ్ళు. ఆరు మీటర్ల పొడవున్నది చిన్నపేగు, మీటరున్నర ఉన్నది పెద్దపేగు. వెడల్పు చూసి పేరు పెట్టారంటుంది చెల్లి. మన చుట్టాల్లో ఆరడుగుల మనిషిని కూడా 'చిన్నోడు' అనే పిలుస్తాం కదా, అలాంటిదే అంటాను నేను.

పిత్తాశయం: కాలేయం తయారుచేసిన పైత్యరసాన్ని దాచే గోడౌన్. ఖాళీగా కూర్చోలేక ఒక్కోసారి రాళ్ళు పోగేస్తుంది.

ప్లీహం: రిటైర్మెంట్ ఆఫీసు. ఎర్ర రక్తకణానికి సర్వీసు దాదాపు 120 రోజులు. ఆ తర్వాత ఫైలు ఇక్కడికి వస్తుంది. ఇక్కడ రికమెండేషన్లు పనిచెయ్యవు.

ఉండుకం: ఏడాదంతా గుర్తురాని చుట్టం. అలిగిన రోజున మాత్రం ఊరంతా లేపుతుంది. అపెండిక్స్ అంటే అందరికీ తెలుస్తుంది.

మెదడు: శరీరం బరువులో 2 శాతం ఉండి, శక్తిలో 20 శాతం తినేసే మేనేజర్. తలనొప్పి గురించి అందరికీ క్లాసు పీకుతుంది, కానీ తనకి తాను నొప్పి తెలియదు. ఎందుకంటే మెదడు కణజాలంలో నొప్పిని గుర్తించే నాడులే లేవు.

నాలుక: లోపలి అవయవం కాదు కానీ, వదిలేస్తే ఊరుకోదు. గర్భోపనిషత్తులో అవయవాల తూకాలు కూడా ఉన్నాయి. అందులో గుండె ఎనిమిది పలాలు, నాలుక పన్నెండు పలాలు. ఇవాళ్టి వైద్యం తూకం వేరే కావచ్చు. కానీ మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకి వెళ్ళినవాళ్ళెవరైనా ఉపనిషత్తు లెక్కే కరెక్టంటారు.

కిడ్నీలు: పిడికిలంత ఉంటాయి. ఒక్కోటి 150 గ్రాముల దాకా తూగుతుంది. ఇద్దరూ కలిసి రోజుకి 180 లీటర్లు వడకడతారు. అంటే మన ఇంటికొచ్చే ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు తొమ్మిది. అందులో పనికొచ్చేదంతా వెనక్కి తీసుకుని, ఒకటిన్నర రెండు లీటర్లు బయటికి పంపిస్తారు. ఏది ఉంచుకోవాలి, ఏది వదిలెయ్యాలి అన్నది వీళ్ళకి తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. వేదాంతంలో మొదటి అర్హత నిత్యానిత్య వస్తు వివేకం అంటారు. నిలిచేదేదో పోయేదేదో తేల్చుకునే తెలివి అన్నమాట. ఆ పాఠం మనకి జీవితమంతా పడుతుంది. కిడ్నీ దాన్ని నిమిషనిమిషం చేస్తోంది.

ఈ చివరిది రాశాక ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. గోడకి అవతల బాబాయి రక్తాన్ని ఒక మెషీన్ వడకడుతోంది.

ఇక ఆత్మ దగ్గరికొద్దాం.

చెల్లి రాసిన అర్థం: "స్కాన్‌లో కనపడనిది. రిపోర్టులో నార్మల్ అని కూడా రాయనిది." నాకు నచ్చింది. నిజానికి ఆత్మని తూచాలని చూసినవాళ్ళు కూడా ఉన్నారు. 1907లో అమెరికాలో డంకన్ మెక్‌డూగల్ అనే డాక్టరు చనిపోతున్న రోగుల మంచాలని త్రాసు మీద పెట్టి, ఒకరి బరువు ముప్పావు ఔన్సు తగ్గిందని రాశాడు. '21 గ్రాముల ఆత్మ' అనే మాట అక్కణ్ణించే వచ్చింది. ఆయన చూసింది ఆరుగురినే, ఆ ఆరుగురి ఫలితాలూ ఒకదానితో ఒకటి కలవలేదు. సైన్సు దాన్ని ఒప్పుకోలేదు. వాట్సాప్‌లో 'విదేశీ శాస్త్రవేత్తలు ఆత్మని నిరూపించారు' అని వస్తే ఫార్వర్డ్ చెయ్యకండి. మన శాస్త్రం ఆత్మని తూకానికి దొరికే వస్తువని ఎప్పుడూ చెప్పలేదు. కాబట్టి త్రాసు ఓడిపోతే మనకి నష్టం లేదు, గెలిస్తే లాభమూ లేదు.

మన తెలుగువాళ్ళం ఆత్మని ఎక్కడ పెట్టుకున్నామో గమనించారా? ఆకలేస్తే "ఆత్మారాముడు గోల పెడుతున్నాడు" అంటాం. భోజనం అయ్యాక "ఆత్మారాముడు శాంతించాడు" అంటాం. అంటే మన అడ్రసు ప్రకారం ఆత్మ పొట్టలో ఉంది! సరదాగా అన్నా, దాని వెనక ఒక మర్యాద ఉంది. భగవద్గీత పదిహేనో అధ్యాయంలో స్వామి, ప్రాణుల ఒంట్లో వైశ్వానరుడనే అగ్నిగా ఉండి నాలుగు రకాల అన్నాన్ని నేనే అరిగిస్తున్నానని చెప్తాడు. అందుకే అన్నం ముందు కూర్చోగానే మనవాళ్ళు దణ్ణం పెడతారు. ఫోన్ చూస్తూ తింటున్నామంటే యజ్ఞం జరుగుతుంటే రీల్స్ చూస్తున్నామని.

సరే, అసలు ప్రశ్న. ఈ అవయవాల్లో గొప్పదెవరు? ఇది కొత్త ప్రశ్న కాదు. ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయంలో ఇదే పంచాయితీ ఉంది. వాక్కు, కన్ను, చెవి, మనసు, ప్రాణం, "నేను గొప్పంటే నేను గొప్ప" అని తగువు పడి ప్రజాపతి దగ్గరికి వెళ్ళాయి. ఎవరు వెళ్ళిపోతే ఒళ్ళు అన్నిటికంటే హీనంగా అయిపోతుందో వాళ్ళే గొప్ప, పరీక్షించుకోండి అన్నాడాయన. వాక్కు ఏడాదిపాటు వెళ్ళిపోయింది. తిరిగొచ్చి "నేను లేకుండా ఎలా బతికారు?" అని అడిగితే, "మూగవాళ్ళు బతకట్లేదా, అలాగే" అన్నాయి మిగతావి. కన్ను వెళ్ళింది, చెవి వెళ్ళింది, మనసు కూడా వెళ్ళింది. ఎలాగోలా నడిచిపోయింది. చివరికి ప్రాణం లేవబోయింది. బలమైన గుర్రం కట్టుకొయ్యల్ని పెరికేసినట్టు అన్నీ ఒక్కసారిగా కదిలిపోయాయి. అప్పుడు అన్నీ వచ్చి "స్వామీ, వెళ్ళకు, నువ్వే పెద్ద" అని బతిమాలాయి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నేనూ మొదట్లో చేశాను. ప్రాణమే ఆత్మ అనేసుకుంటాం. కాదు. ప్రశ్నోపనిషత్తులో ప్రాణం ఆత్మ నుంచే పుడుతుందని, మనిషికి నీడ ఎలాగో ఆత్మకి ప్రాణం అలాగని చెప్పారు. కఠోపనిషత్తు ఇంకా సులువుగా రథంతో పోల్చింది. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గాలు, బుద్ధి సారథి, ఆత్మ రథంలో కూర్చున్న యజమాని. మన భాషలో చెప్పాలంటే మనం కారు కాదు, ఇంజన్ కాదు, ఆఖరికి డ్రైవర్ కూడా కాదు. వెనక సీట్లో ఉన్న యజమాని. అయితే ఒక మాట. కారు నేను కాదు కదా అని సర్వీసింగ్ మానేస్తే మధ్యదారిలో ఆగిపోయేది మనమే. "శరీరం అశాశ్వతం" అని చెప్పి షుగర్ మాత్రలు వేసుకోనివాళ్ళది వేదాంతం కాదు, బద్ధకం.

ఇది చెప్తూ చెల్లితో, "చూడు, నా గుండె, నా కిడ్నీ, నా ఒళ్ళు అంటాం. 'నాది' అన్నామంటే అది నేను కాదనేగా. అవన్నీ ఎవరివో ఆ 'నేను'నే ఆత్మ అంటారు" అన్నాను. వెంటనే కొట్టింది. "మరి 'నా ఆత్మ' అని కూడా అంటాం కదన్నయ్యా?" అని.

మంచి ప్రశ్న. పాతకాలం పండితులకి కూడా ఈ చిక్కు తెలుసు. వాళ్ళు 'రాహువు తల' అనే మాటని ఉదాహరణగా చెప్తారు. రాహువంటేనే తల, అతనికి మొండెం లేదు. అయినా వాడుకలో రాహువు తల అంటాం, వాళ్ళిద్దరూ వేరైనట్టు. 'నా ఆత్మ' కూడా అలాంటి వాడుకే. అక్కడ 'నా'కీ ఆత్మకీ మధ్య సందు లేదు. భాష సందు పెట్టింది. కిడ్నీ విషయంలో అలా కాదు. దాన్ని తీసి పక్కన పెట్టినా 'నేను' తగ్గను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే ఏదోలా అయింది. ఎందుకంటే సరిగ్గా అదే మాటకి పరీక్ష మా ఇంట్లో అంతకు వారం ముందే జరిగింది. డాక్టరుగారు అందర్నీ కూర్చోబెట్టి, దగ్గరి బంధువుల్లో ఎవరైనా కిడ్నీ ఇవ్వగలరేమో ఆలోచించండి, పరీక్షలు చేద్దాం అన్నారు. ఆత్మ నిత్యం, దేహం వస్త్రం అని ఇన్ని వీడియోలు చేసిన నేను ఏం చేశానో తెలుసా? ఫోన్‌లోకి చూశాను. మెసేజ్ ఏమీ రాలేదు. ఊరికే చూశాను. నేను తలెత్తేలోపు పిన్ని "నాకు చెయ్యండి" అంది. పిన్ని భగవద్గీత చదవలేదు. శనివారం ఒంటిపూట ఉంటుంది, అంతే.

ఇది దాచిపెట్టి మీకు పాఠం చెప్పడం నాకు న్యాయంగా అనిపించలేదు. తెలిసిన మాట ఒంటికి ఎక్కడానికి చాలా దూరం ఉంటుంది. ఆ దూరాన్నే సాధన అంటారని ఆరోజు అర్థమైంది.

పరీక్షల్లో పిన్నిది సరిపోయింది. అప్పుడు మా నాయనమ్మ నన్ను పక్కకి పిలిచింది. కొడుకు బతుకుతాడని సంతోషం ఉంది, కానీ కళ్ళల్లో భయం. "ఒరేయ్ నాన్నా, ఒంట్లోది తీసిచ్చేస్తే వచ్చే జన్మలో ఆ లోటుతోనే పుడతారంట. కింద ఫ్లాట్ ఆవిడ చెప్పింది. నా కొడుకు కోసం కోడలు పిల్ల జన్మ పాడైపోతుందేంట్రా?"

మీ ఇళ్ళల్లో కూడా ఈ ప్రశ్న రావచ్చు. అందుకే నేను చెప్పిన జవాబు వరసగా రాస్తున్నాను.

ఒకటి. "నాయనమ్మా, తాతయ్యని దహనం చేశాం కదా. ఏ ఒక్క అవయవమూ మిగల్లేదు. నువ్వు చెప్పిందే నిజమైతే, కాటికెళ్ళిన వాళ్ళందరూ అసలు ఒళ్ళే లేకుండా పుట్టాలి" అన్నాను. నవ్వింది.

రెండు. ఈ ఒళ్ళు పాత బట్టలాంటిదని, జీవుడు దాన్ని విడిచి కొత్తది కట్టుకుంటాడని గీత రెండో అధ్యాయం చెప్తుంది. పాత చొక్కా జేబు చింపి ఎవరికో అతుకు వేస్తే, కొత్త చొక్కా జేబు లేకుండా రాదు. మరి వెంట వచ్చేదేంటి? గాలి పూల వాసనని మోసుకెళ్ళినట్టు జీవుడు మనసునీ ఇంద్రియాలనీ తనతో తీసుకుపోతాడని పదిహేనో అధ్యాయంలో ఉంది. మనం చేసుకున్న సంస్కారాలు అలా వెంట వస్తాయని పెద్దలు చెప్తారు. కిడ్నీ వెంట రాదు. ఇచ్చిన గుణం వెంట వస్తుంది.

మూడు. ఇచ్చినవాళ్ళని మన పురాణాలు ఎలా చూశాయో చూడండి. దధీచి మహర్షి వృత్రాసురుణ్ణి చంపే వజ్రాయుధం కోసం తన ఎముకలే ఇచ్చేశాడు. శిబి చక్రవర్తి పావురం కోసం తొడ కోసి తూకం వేశాడు. మన శ్రీకాళహస్తిలో తిన్నడు శివుడి కంట నెత్తురు చూసి తన కన్ను పెరికి పెట్టాడు, రెండోది కూడా ఇవ్వబోయాడు. అతన్ని శివుడు గుడ్డివాడిగా పుట్టించాడా? తనలో కలుపుకున్నాడు. కన్నప్ప అని మనం పూజ చేస్తున్నాం.

కన్నప్ప పేరు వినగానే నాయనమ్మ ముఖం విప్పారింది. మొదటి రెండు కారణాలు నా తృప్తి కోసం చెప్పుకున్నట్టున్నాను. ఆవిడకి సరిపోయింది మూడోదే.

కొన్ని బయటి విషయాలు కూడా తెలుసుకోండి. మన దేశంలో అవయవ మార్పిడికి 1994లో చట్టం వచ్చింది. అవయవాలు కొనడం, అమ్మడం నేరం. బతికుండగా దగ్గరి బంధువులు, భార్యాభర్తలు, అన్ని పరీక్షలూ అయ్యాక ఇవ్వొచ్చు. బ్రెయిన్ డెత్ అయినవాళ్ళ కుటుంబం ఒప్పుకుంటే గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, కిడ్నీలు లాంటివన్నీ కలిపి ఒక్క మనిషి నుంచి ఎనిమిది మంది దాకా బతకొచ్చు. మన తెలుగు రాష్ట్రాల్లో దీన్ని జీవన్‌దాన్ పథకం చూస్తుంది. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ ఇంటివాళ్ళ ఇష్టం. ఇవ్వనివాళ్ళని తక్కువ చెయ్యొద్దు. నేను ఫోన్‌లోకి చూసినవాణ్ణే కదా. కానీ శాస్త్రం వద్దంటోందని మాత్రం చెప్పకండి.

ఆపరేషన్ అయింది. ఇద్దరూ బావున్నారు. ఇక్కడ నాకు తెలియని సంగతి ఒకటి చెల్లి చెప్పింది. మార్చినప్పుడు పాత కిడ్నీల్ని సాధారణంగా తీసెయ్యరట. కొత్తదాన్ని కింద పొత్తికడుపు పక్కన పెడతారు. అంటే బాబాయికి ఇప్పుడు మూడు, పిన్నికి ఒకటి. ఆ మిగిలిన ఒక్కటీ కొంచెం పెరిగి రెండోదాని పని కూడా అందుకుంటుందట.

ఇది నాయనమ్మకి చెప్తే వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పెళ్ళినాటికి వీడివి రెండు, దానివి రెండు, నాలుగు. ఇప్పుడు వీడికి మూడు, దానికొకటి, నాలుగే. ఇంట్లో సొమ్ము ఇంట్లోనే ఉంది కదరా, ఇంక బెంగెందుకు?" అంది.

చెల్లి పుస్తకంలో ఆ బొమ్మ పక్కన ఆత్మ కోసం వదిలిన ఖాళీ ఇంకా అలాగే ఉంది. గుర్తు పెట్టమని మళ్ళీ అడగలేదు, నేనూ పెట్టలేదు.

ఈ వారం సాధన చిన్నదే. రోజూ పడుకునే ముందు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని, శ్వాసని గమనిస్తూ మీ ఒంట్లో ఒక్కో అవయవానికి పేరుపేరునా థాంక్స్ చెప్పండి. ఆ థాంక్స్ చెప్తున్నది ఎవరో కూడా ఒకసారి వెతకండి. వచ్చే వారం పంచకోశాల గురించి మాట్లాడుకుందాం.

శుభం.